తిజోరీ మేస్త్రీకి తెలుసు, బేగంకి తెలీదు



పోయిన నెల మా ఇంట్లో కింది గదుల బండలు మార్పించాం. అబ్బా ఇల్లు కట్టించినప్పటి బేతంచెర్ల నాపబండలు. మూలలు విరిగి, సందుల్లో సిమెంటు ఊడి, చీమలకు బాటలైపోయాయి. ఎలాగూ నేల లేపుతున్నాం కదా, లోపలి గదిలో మంచం వచ్చే చోట ఓ తిజోరీ పాతించేస్తే పోలా అని నాకో ఖయాల్ వచ్చింది. మా వీధి చివర ఒకళ్ళు షాదీకి వెళ్ళి వచ్చేలోగా బీరువా పగలగొట్టేశారు. ఆ ఖబర్ విన్నప్పట్నుంచి మా గల్లీలో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

మేస్త్రీతో నేనే మాట్లాడాను. "బుధవారం రా. పిల్లలు స్కూలుకు పోతారు, ఇంట్లోవాళ్ళు మైకాకు పోతున్నారు. పొద్దున్నే మొదలుపెడితే అసర్ లోపల అయిపోవాల" అన్నాను, గొంతు బాగా తగ్గించి.

గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో వంటింటి కిటికీకి ఉన్నాయి. మేస్త్రీ అటు వెళ్ళగానే బేగం కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ ఇటు వచ్చింది.

"మేస్త్రీ కూ మాలూమ్ హోనా, మేరే కూ మాలూమ్ నై హోనా? యే క్యా జీ?"

మేస్త్రీకి తెలియాలి, నాకు తెలియకూడదా అని. అందులో పెట్టబోయే జేవర్‌లో ముప్పాతిక వంతు ఆమెదే. ఆమె అమ్మీ, నానీ పెట్టినవి, మహర్ కింద నేనిచ్చినవి. ఇరవై ఏళ్ళ సహాఫత్‌లో నా సవాల్‌కి జవాబు లేక నీళ్ళు నమిలిన ఆఫీసర్లను చాలామందిని చూశాను. ఆ రోజు నేను నమిలాను.

సిగ్గు ఎందుకు వేసిందంటే, ఇలా దాచిపెట్టడం వల్ల ఒక ఖాందాన్ ఏమైపోయిందో నేను కళ్ళారా చూసినవాణ్ణి. చూసి కూడా అదే పని చెయ్యబోయాను. అందుకే ఈ ముచ్చట రాస్తున్నా.

*

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డ రోజు మా చాచా ఇల్లు కూడా మునిగింది. కొండారెడ్డి బురుజు చుట్టూ పాతబస్తీ అంతా బురద. నేనప్పుడు కొత్త రిపోర్టర్ని. నీళ్ళు తీశాక మిద్దెల మీద నేను చూసిన దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేదు. బట్టలకంటే ముందు జనం కాగితాలు ఆరబెట్టారు. పట్టాలు, పాస్‌పుస్తకాలు, పదో తరగతి సర్టిఫికెట్లు, నికాహ్‌నామాలు. ఎగిరిపోకుండా వాటి మీద గులకరాళ్ళు.

చాచా ఇంట్లో బీరువా నీళ్ళకు లేచి బోర్లా పడింది. ఆ తర్వాతి ఏడాది ఇంటి నేల మళ్ళీ వేయిస్తున్నప్పుడు ఆయన నేలలో తిజోరీ పాతించాడు. బీరువా తేలుతుంది, భూమిలో పాతింది ఎక్కడికీ పోదు అని ఆయన లెక్క. నీళ్ళు మొదట చేరేది నేలలోకే అన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆ వరద మళ్ళీ మన జిందగీలో రాదులే అన్న ధీమా కూడా ఉండుండొచ్చు.

2013లో నంద్యాలలో ఉండే మా ఫుప్పూ నాకు ఫోన్ చేసింది. ఫుప్పా పోయి అప్పటికి ఏడాది. కొడుకు కారోబార్‌లో దిగి అప్పులు చేస్తున్నాడు. ఇంట్లో ఏమున్నా నిలవదని ఆమె భయం. ఎర్ర మఖమల్ గుడ్డతో కుట్టిన పొట్లీ ఒకటి నా చేతిలో పెట్టి, "చాచా కూ దేదే బేటా, అమానత్ బోల్" అంది. మూతి దారంతో కుట్టేసి ఉంది. అంగీ లోపలి జేబులో పెట్టుకుని, బస్సులో కర్నూలు దాకా దాని మీద చెయ్యి తియ్యకుండా వచ్చాను. అమానత్ విప్పి చూడకూడదు కదా, చూళ్ళేదు. చాచా అరచేతిలో తూచినట్టు అటూ ఇటూ ఆడించి "ఠీక్ హై" అన్నాడు. అంతే. రసీదు లేదు, రాత లేదు, మూడో మనిషి లేడు. సొంత అక్కాతమ్ముళ్ళ మధ్య రసీదేంటి అనుకునే రోజులు.

2021 మేలో చాచాకు కరోనా వచ్చింది. ఆక్సిజన్ మాస్క్ మీద వీడియో కాల్‌లో చాచీకి ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. వేలు కిందికి చూపించాడు, రెండు మూడుసార్లు. నమాజుకు ముసల్లా అడుగుతున్నాడేమో అనుకుంది చాచీ. మరుసటి రోజు ఫజర్‌కు ఖబర్ వచ్చింది. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

చాచీ ఇద్దత్‌లో ఉండగానే, ఇరవై రోజులకేమో, పాత మేస్త్రీ ఒకాయన వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. పెద్దాయన. "అమ్మా, సాయిబు ఆ మంచం కింద బండ తీపిచ్చి పెట్టె పెట్టిచ్చుకున్న్యాడు. మీకు ఎరికేనా?" అన్నాడు.

చాచీకి ఎరిక లేదు. కొడుకులకు లేదు. పదకొండేళ్ళు ఆ మంచం మీదే పడుకుని, ఆ బండే రోజూ తుడిచిన మనిషికి దాని కింద ఏముందో తెలీదు. రోజుకూలీకి వచ్చి పోయిన మనిషికి తెలుసు. ఆయన నియ్యత్ మంచిది కాబట్టి వచ్చి చెప్పాడు. అల్లా ఆయన్ని చల్లగా చూడాలి. నియ్యత్ చెడ్డదయితే? లేదా ఆయన కూడా ఆ మేలోనే పోయి ఉంటే?

తాళంచెవి ఎంత వెతికినా దొరకలేదు. మెషీన్ తెప్పించి మూత కోయించారు. అడుగున తుప్పునీళ్ళు. మూడు పొట్లీలు, గుడ్డలు చివికి నల్లబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. రద్దయిన వెయ్యి నోట్లు కొన్ని, ముద్దయిపోయి. వాటి మధ్య ఇంకో కాగితం ముద్ద కూడా ఉంది. ఎవరిదేంటో చాచా రాసిపెట్టిన చిట్టీయో, సొమ్ము కొన్న బిల్లో, ఇక ఎవరికీ తెలియదు. సిరా నీళ్ళలో కలిసిపోయింది.

ఫుప్పూ నంద్యాల నుంచి వచ్చి, నాలుగు చూడియాఁ నావి అంది. పెద్ద కొడుకు గట్టిగా మాట్లాడలేదు, అదబ్ తప్పలేదు. "గవాహ్ ఎవరు ఫుప్పూ?" అన్నాడంతే. నేను లేచి, పొట్లీ తెచ్చింది నేనే అన్నాను. "అందులో ఏముందో చూశావా భాయ్?" అన్నాడు. చూళ్ళేదు. ఏ దియానత్‌తో నేను దాన్ని విప్పలేదో, అదే నా గవాహీని పనికిరాకుండా చేసింది. పెద్దలెవరో ఖసమ్ చెయ్యమన్నారు. ఫుప్పూ లేచి బుర్ఖా సర్దుకుంది. "చార్ చూడియోఁ కే వాస్తే అల్లా కా ఖసమ్ ఖావూఁ? నక్కో రే బాబా" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఈద్‌కు కూడా ఆ గుమ్మం తొక్కలేదు.

అది అందరికీ కనిపించిన అన్యాయం. ఎవరికీ కనిపించని అన్యాయం ఇంకొకటి జరిగింది. ఆ మూడు పొట్లీలనీ చాచా తర్కాగా లెక్కేసి షరియత్ ప్రకారం హిస్సాలు వేశారు. పిల్లలున్న బేవాకు ఎనిమిదో వంతు. కానీ అందులో చాచీ మైకా నుంచి తెచ్చుకున్న జేవర్ ఉంది. కొన్ని పాతవి చెరిపించి చాచా కొత్తగా చేయించాడు కాబట్టి ఆమె కూడా గుర్తుపట్టలేకపోయింది. అంటే ఆమె సొమ్ములో ఆమెకే ఎనిమిదో వంతు దక్కింది. ఎవరూ జుల్మ్ చెయ్యాలనుకోలేదు. చాచా దొంగ కాదు, కొడుకులు లాలచీలు కాదు. రాత లేకపోవడమే ఇంత చేసింది.

*

నేను ఉర్దూ మీడియంలో చదువుకుని, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. నేలలో దాచిన సొమ్మును ఉర్దూలో దఫీనా అంటాం. దఫన్ చెయ్యడంలోంచి వచ్చిన మాట. మనిషినైనా, ధనాన్నైనా మట్టిలో పెట్టడానికి ఒకటే మాట. తెలుగులో దాన్ని నిక్షేపం అంటారు. ధర్మశాస్త్రాల్లో ఇదే మాటకు నమ్మి ఒకరి దగ్గర ఉంచిన సొమ్ము అని అర్థం. మన అమానతే. ఒకే సొమ్ము అమానత్ అవుతుందో దఫీనా అవుతుందో, దాని సంగతి తెలిసిన ఇంకో మనిషి బతికి ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మన రాయలసీమలో గుప్తనిధుల కోసం పాడుపడ్డ కోటలు, గుళ్ళు రాత్రిపూట తవ్వేవాళ్ళ ఖబర్లు నేనెన్ని రాశానో లెక్కలేదు. ఆ నిధులు ఎక్కడినుంచో ఊడిపడవు. ఒకప్పుడు ఎవరో ఇంటిమనిషి ఎవరికీ చెప్పకుండా దాచి కన్నుమూసిన సొమ్మే. భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది. పేరు రాయని సొమ్ముకు ఆఖరికి హుకూమత్ తలుపే గతి.

మరి బ్యాంకు లాకర్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ అక్కడ కూడా హద్దులు తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు మార్చిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, ఉద్యోగుల మోసం లాంటివాటి వల్ల లాకర్లో సొమ్ము పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె 2,000 అయితే 2 లక్షలు. ఈరోజు సోనా ధరకు అది ఎన్ని తులాలొస్తుందో మీరే లెక్కేసుకోండి. వరద, భూకంపం లాంటివాటికి, బ్యాంకు గఫ్లత్ లేకపోతే, ఆ బాధ్యత కూడా లేదు. అయినా లాకర్‌లో ఒక ఖూబీ ఉంది. నామినీ కాలమ్ ఉంటుంది. మీరు పోతే తలుపు ఎవరు తీయాలో బ్యాంకు ముందే రాయించుకుంటుంది. నామినీ వారిస్ కాడు, తీసి అప్పగించేవాడు మాత్రమే. కానీ కనీసం ఒకరున్నారు. ఇంట్లో తిజోరీకి నామినీ ఎవరు?

ఇంట్లో సోనా ఉంటే ఇన్‌కంటాక్స్‌వాళ్ళు పట్టుకుపోతారని కొందరికి డర్. అందుకే ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పరు. సోదా జరిగినా పెళ్ళయిన ఆడమనిషికి 500 గ్రాములు, పెళ్ళికాని ఆడపిల్లకు 250, మగవాళ్ళకు 100 గ్రాముల వరకు నగలు జప్తు చెయ్యొద్దని 1994 మేలోనే ఆ శాఖ పైనుంచి అధికారులకు ఆదేశాలున్నాయి. మన ఇళ్ళలో ఎక్కువభాగం ఆ హద్దు దగ్గరికి కూడా రావు. మంగళసూత్రమైనా, మన లచ్ఛా అయినా ఆ లెక్కలోదే. డరనక్కర్లేదు, బిల్లులు మాత్రం దాచుకోండి.

*

నేలలో తిజోరీ పెట్టొద్దని నేననడం లేదు. మేమూ పెట్టించాం. బేగం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని మరీ పెట్టించింది. చాచా ఇంట్లో జరిగింది గుర్తుపెట్టుకుని, మేస్త్రీని అడిగి మేం నేర్చుకున్నవి మీకూ చెబుతాను.

నేలలో తిజోరీ కింది అంతస్తులోనే సాధ్యం. పైఅంతస్తుల స్లాబు మందం ఐదారు అంగుళాలే. దాన్ని తొలిస్తే ఇనుప కడ్డీలు తెగి ఇల్లే ఖత్రాలో పడుతుంది. పైన ఉండేవాళ్ళు గోడలోనో, బీరువాను బోల్టులతో బిగించో చూసుకోవాలి.

గుంత పెట్టెకంటే నాలుగు వైపులా ఐదారు అంగుళాలు ఎక్కువ తవ్వాలి. అడుగున నాలుగు అంగుళాల కాంక్రీటు, దాని మీద, చుట్టూ మందమైన ప్లాస్టిక్ పట్టా, ఆ తర్వాత పెట్టె, చుట్టూ మళ్ళీ కాంక్రీటు. ఆ కాంక్రీటే దాని తాకత్. ఉత్త మట్టిలో పెడితే గడ్డపారతో పెట్టెతో సహా లేపుకుపోతారు. మీది నల్లరేగడి నేల అయితే రెండుసార్లు సోచాయించండి. వానకు ఉబ్బి ఎండకు బీటలు తీసే నేల అది, పెట్టెను ఏ ఏడాది ఎటు నెడుతుందో చెప్పలేం.

అగ్గికి నేల తిజోరీ మంచిదే, వేడి పైకి పోతుంది కాబట్టి. దాని దుష్మన్ నీళ్ళు. సంపు పక్కన, బాత్‌రూం గోడవారగా వద్దు. వరదొచ్చిన పేటల్లో అసలే వద్దు. మన ఇళ్ళలో ఇంకో ఆదత్ ఉంది. రంజాన్ ముందర, ఈద్ ముందర బకెట్లతో నీళ్ళు కొట్టి ఇల్లంతా కడుగుతాం. వరద రాకపోయినా ఆ నీళ్ళు చాలు. మూత చుట్టూ ఉండే పట్టీ నేలకంటే పావు అంగుళమన్నా ఎత్తుండేట్టు చూడమని మేస్త్రీకి చెప్పండి. ఆ గది తడిగుడ్డతో తుడవండి, కడగొద్దు. కాంక్రీటు పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, ఆ లోపల ఏమీ పెట్టొద్దు. మందుల డబ్బాల్లో వచ్చే చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు నాలుగు లోపల వేసి, ఆర్నెల్లకోసారి మార్చండి. కాగితమేదైనా జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి.

నంబర్ నొక్కే తాళం కంటే చెవి తాళం మేలన్నాడు మా మేస్త్రీ. చెమ్మకు బ్యాటరీ, వైర్లు పాడవుతాయి. చెవులు రెండొస్తాయి. మా ఇంట్లో ఒకటి బేగం దగ్గర, ఒకటి నా దగ్గర.

ఇంకో మాట. రోజూ వాడే జేవర్ నేలలో పెట్టొద్దు. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని తీయాల్సిందే. అమ్మీలాంటి పెద్దవాళ్ళకు అది అజాబ్.

*

ఇంతవరకు మేస్త్రీ చెయ్యగలిగిన పని. ఇక మేస్త్రీ చెయ్యలేని పని.

ఇంట్లో చెప్పాలంటే మగవాళ్ళు చెప్పే బహానాలు నాకు తెలుసు, నేనూ చెప్పినవే కాబట్టి. ఆడవాళ్ళ నోట్లో మాట ఆగదంటారు. ఆ సొమ్ము వాళ్ళదయ్యా. తన సొమ్ము ఎక్కడుందో తనకు తెలియకూడదనే హక్కు మనకెవరిచ్చారు? పైగా నేను చూసినంతలో ఇంటి రాజ్‌లు హోటల్లో చాయ్ దగ్గర విప్పేది మనమే.

మౌత్ గురించి మాట్లాడ్డం మన్‌హూస్ అంటారు. రాయాల్సిన ఆస్తి ఉన్న ముసల్మాన్ వసీయత్ రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపకూడదని హదీస్ చెబుతోంది. మనం ఇరవై ఏళ్ళు గడుపుతున్నాం.

చెబితే కొడుకులు కారోబార్‌కు అడుగుతారు అంటారు. ఈ ఒక్క మాటను నేను తేలిగ్గా తీసెయ్యలేను. మా ఫుప్పూ భయం అదే. నిజమైన భయం. దానికి నా జవాబు ఇంతే. అందరికీ చెప్పక్కర్లేదు, ఇద్దరికి చెప్పండి. ఒకరు ఆ సొమ్ము హక్‌దార్, రెండోవారు మీరు నమ్మే ఇంకొకరు. కూతురు కావచ్చు, అల్లుడు కావచ్చు, చెల్లెలు కావచ్చు. ఎక్కడుందో ఇద్దరికి తెలియాలి. ఎవరిదేంటో కాగితానికి తెలియాలి.

ఇది కొత్తగా నేను కనిపెట్టింది కాదు. హిజ్రత్ రాత్రి గుర్తు తెచ్చుకోండి. ప్రాణానికే ఖత్రా ఉన్న ఆ రాత్రి రసూలుల్లా (స) మక్కా వదిలి వెళ్తూ, తన దగ్గరున్న జనం అమానత్‌లను ఎవరివి వాళ్ళకు అప్పగించమని హజ్రత్ అలీ (రజి)ని వెనక ఉంచి వెళ్ళారు. వాటిలో తనకు కీడు తలపెట్టినవాళ్ళవి కూడా ఉన్నాయి. అమీన్ అనిపించుకున్న ఆయన, తన తర్వాత తెలిసినవాడు ఒకడుండాలని చూశారు. సూరా కహఫ్‌లో ఇద్దరు యతీమ్ పిల్లల ఖజానా మీద కూలబోతున్న గోడను ఖిజర్ (అ) నిలబెట్టిన ఖిస్సా మనందరికీ తెలుసు. మన ఇంటికి ఖిజర్ రారు. మనమే రాసిపెట్టాలి.

మేం రాసిన కాగితం ఎలా ఉందో చెబుతాను. ఐదు వరుసలు. వస్తువు ఏది, తూకం ఎంత, ఎవరిది, ఎలా వచ్చింది, జకాత్ ఎవరు తీయాలి. ఈ ఐదో వరుస రాస్తున్నప్పుడే మాకు మా గలతీ తెలిసింది. ఇన్నేళ్ళూ ఇంట్లో సోనా మొత్తం నాదన్నట్టు లెక్కేసి జకాత్ తీస్తున్నా. కానీ బేగం సొమ్ము బేగం నిసాబ్, నాది నా నిసాబ్. సోనా ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండి యాభై రెండున్నర తులాలు, 612.36 గ్రాములు. అమానత్ సొమ్మైతే జకాత్ దాచినవాడి మీద కాదు, అసలు మాలిక్ మీద. మన హనఫీ మస్లక్‌లో తొడుక్కునే జేవర్‌కు కూడా ఉంది. వివరాలు మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి. కానీ ఎవరిదేదో తెలియకుండా ఆయన కూడా లెక్క చెప్పలేడు.

చెరిపించి కొత్తది చేయిస్తే ఆ లైన్ మళ్ళీ రాయాలి. బేగం మైకా హారం చెరిపి గాజులు చేయించినా అవి ఆమెవే. మహర్ బాకీ ఉంటే అది కూడా రాయాలి. మనం పోయాక తర్కాలోంచి ముందు దఫన్ ఖర్చు, తర్వాత ఖర్జ్, ఆ ఖర్జ్‌లోనే మహర్, తర్వాత మూడో వంతు లోపల వసీయత్, అన్నీ పోయాకే వారిసుల హిస్సాలు. అమానత్ ఈ లెక్కలోకే రాదు. అది తర్కా కాదు.

ప్రతి వస్తువు పక్కన పేరు చిట్టీ పెట్టి ఫోన్లో ఫోటో తీశాం. కాగితం కింద నేను, బేగం, ఆమె తమ్ముడు దస్తఖత్ చేశాం. ఒక కాపీ తిజోరీలో. ఇంకోటి బయట, వేరే ఇంట్లో. చాచా రాసిందేమో అనుకున్న ఆ ముద్ద చూసిన తర్వాత లోపలి కాపీని మాత్రమే నమ్ముకోవడం నా వల్ల కాలేదు. పదహారేళ్ళ మా అమ్మాయిని పిలిచి బండ చూపించాం. "ఇతనాచ్ నా?" అని వెళ్ళిపోయింది. మేం ఏళ్ళకేళ్ళు రాజ్ అనుకున్నది పిల్లకు అంత చిన్న సంగతి.

*

రెండు వారాల క్రితం నంద్యాల వెళ్ళాను. ఫుప్పూకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. మనవరాలి నికాహ్‌కని ఒక జత కర్ణఫూల్ మిగుల్చుకుంది. వాటిని మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. ఈసారి కూడా గుడ్డలో చుట్టి, మూతి కుట్టి. అంత జరిగాక కూడా.

నేను కత్తెర అడిగాను. ఆమె ముందర దారం కోసి, విప్పి, ఆమె మనవడితో తూకం వేయించి, ఉర్దూలో చిట్టీ రాశాను. కర్ణఫూల్ ఒక జత, ఇన్ని గ్రాములు, ఫలానా తారీఖు, ఫుప్పూ అమానత్, మనవరాలి నికాహ్ కోసం. చదివి వినిపించి దస్తఖత్ చెయ్యమన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"భరోసా నై క్యా రే తేరే పో మేరే కూ? ఎందుకీ కాగితాలు?" అంది.

"నీకు నా మీద భరోసా ఉంది ఫుప్పూ. రేపు ఫజర్‌కు నేనుంటానని నాకే భరోసా లేదు" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత కలం తీసుకుని, కాగితం కళ్ళ దగ్గరికి పెట్టుకుని, వంకరటింకరగా తన పేరు రాసింది. చిట్టీ ఒకటి ఆమె ఖురాన్ జుజ్‌దాన్‌లో పెట్టాం, ఒకటి నేను తెచ్చుకున్నాను. బయల్దేరుతుంటే అడిగింది.

"పోయిన తడవ ఇట్లా ఎందుకు రాయలేదు బేటా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో ఎవరైనా ఆ సవాల్ అడిగే రోజు రాకముందే, ఈ రాత్రి ఇషా తర్వాత ఒక కాగితం, ఒక కలం తీసుకుని మీ బేగంను పక్కన కూర్చోబెట్టుకోండి. సోనా లేదంటారా, అప్పులన్నా ఉంటాయి కదా, అవే రాయండి.

ఖుదా హాఫిజ్.